నీరో గారి ఇంటావిడ సిడ్నీ ప్రయాణం

"పిల్లాడు పుడితే నా పేరు పెట్టమని చెప్పు."

"ఆ పేరా? నేను పలకను, వాళ్ళు పెట్టరు. ముందు ఈ గంజి తాగయ్యా."

"అయితే నువ్వే ఎళ్ళి పెట్టించు."

"యాడికి, ఆస్ట్రేలియాకా? బాపట్ల బస్సెక్కితేనే కక్కుకుంటా నేను!"

ఆయన నవ్వాడు. గంజి తాగలేదు. మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. పెద్దమనుషులు పోయేముందు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని దీవిస్తారని మా మందిరం అయ్యగారు ప్రసంగాల్లో చెబుతుంటారు. మా ఆయన నా బస్సు వాంతుల మీద నవ్వి పోయాడు.

మా అమ్మాయి శాంతి సిడ్నీలో నర్సు. దానికి నెల తప్పిందని ఫోను వచ్చిన వారమే అది జరిగింది. ఏడాది తిరగకముందే నేను విమానం ఎక్కాను. రెండువేల సంవత్సరం వస్తోందని లోకమంతా గుండెలు బాదుకుంటున్న రోజులు. వెళ్ళనివాళ్ళ కోసం ఆ ప్రయాణం సంగతి చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు కరుణ రాస్తోంది. డిగ్రీ చదువుతోంది గనక నా మాటలకు ఇస్త్రీ చేసి రాస్తానంది. చెయ్యమన్నాను, మరీ గంజి పెట్టి బిర్రబిగించొద్దన్నాను.

ఒక్క సంగతి ముందే చెప్పాను దానికి. మొగుడి పేరు నేను పలకను. మా ఇళ్ళలో ఆడవాళ్ళు పలకరు, పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. "ఆయుష్షు ఎట్టాగూ అయిపోయిందిగా అత్తా, ఇప్పుడు పలకొచ్చుగా" అంది కరుణ. తెలివైన పిల్ల. కానీ అలవాటుకు ఆ తెలివి లేదు. అందుకని ఆయన పేరు వచ్చినచోటల్లా నేను ఆగుతాను, కరుణ రాసుకుంటుంది.

ఆయన పేరు నీరో.

ఆ పేరు ఎలా వచ్చిందంటే

మా ఆయన పుట్టిన రోజున మా ఊరి మందిరంలో గుంటూరు నుంచి వచ్చిన బోధకుడు రోమా పట్టణంలో తొలి క్రైస్తవులు పడ్డ పాట్లు చెబుతున్నాడట. మా మామగారు లోపల కుదురుగా కూర్చోలేదు. ఇంటికీ మందిరానికీ మధ్య తిరుగుతూ, వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర నిలబడి కాస్త విని పోయాడు. ఎప్పుడు వచ్చినా ఒకటే పేరు. పౌలు కంటే, పేతురు కంటే ఎక్కువసార్లు అదే. దేవుడి మందిరంలో ఇన్నిసార్లు తలుచుకున్నారంటే ఎంత భక్తుడో అనుకుని కొడుక్కి అదే ఖాయం చేశాడు. బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారు ఎందుకు ఊరుకున్నాడని అడగొద్దు. ఆ నెలలో అప్పటికే బైబిల్లో దుష్టుల పేర్లు పెట్టుకున్న ఒక పిలాతుకు, ఒక హేరోదుకు ఇచ్చి అలసిపోయి ఉన్నాడట.

నీరో రోమా చక్రవర్తి. పట్టణం తగలబడితే నేరం క్రైస్తవుల మీదకు నెట్టి, వాళ్ళను కాల్పించి, కుక్కలతో చీల్పించాడని చెబుతారు. పేతురు, పౌలు ప్రాణాలు పోయింది కూడా ఆయన ఏలుబడిలోనే అంటారు. మా ఊరి మందిరంలో ఆ కథ వచ్చినప్పుడల్లా సంఘమంతా వెనక్కి తిరిగి మా ఆయన్ని చూసేది. ఆయన లేచి అందరికీ నమస్కారం పెట్టేవాడు. పట్టణం తగలబెట్టాడట పట్టణం! మా ఆయన పొయ్యి అంటించాలంటే సగం అగ్గిపెట్టె అయిపోయేది.

పొగాకు కంపెనీలో కూలి, ఆదివారం మందిరం గంట కొట్టడం. ఆయన ఏలిన రాజ్యం అదే.

మద్రాసు నుంచి

మద్రాసు విమానంలో నా పక్కన నరసరావుపేట వాడొకడు కూర్చున్నాడు. ఆ రోజుల్లో కంప్యూటరు నేర్చినవాడూ, నేరుస్తానన్నవాడూ, నేర్చానని కాగితం కొనుక్కున్నవాడూ అందరూ గాల్లోనే ఉన్నారు.

"మీరే ప్రాజెక్టు మీద వెళ్తున్నారాంటీ?" అన్నాడు.

"పేరు పెట్టే ప్రాజెక్టు నాయనా."

"దానికి డిమాండు ఉందా?"

"నాకొక్కదానికే ఉంది."

సింగపూరులో దిగి మళ్ళీ ఎక్కాం. వాళ్ళు పెట్టిన అన్నం ఉప్పూ కారం లేకుండా, పథ్యం మనిషికి వండినట్టు ఉంది. అయినా దారి పొడుగునా నాకు ఒక్క వాంతి కాలేదు. ఆ ముక్క చెప్పి గెలవడానికి మాత్రం మనిషి లేడు.

సిడ్నీలో దిగగానే నన్ను మొదట పలకరించింది ఒక కుక్క. చిన్నది, మెడకు పట్టా కట్టారు. అందరి సామాన్లూ వాసన చూసుకుంటూ వచ్చి నా సంచి ముందు కూర్చుంది. దాని వెనకున్న మనిషి సంచి విప్పించి, బాలింతకని తెచ్చిన ఎండు రొయ్యలు తీసి డబ్బాలో పడేశాడు. గోంగూర పచ్చడి మూత తీసి ఒక్కసారి వాసన చూశాడు. మూత గట్టిగా బిగించి, గౌరవంగా తిరిగి ఇచ్చాడు. ఆ దేశంలో నాకు దక్కిన మొదటి గెలుపు అది.

వెస్ట్‌మీడ్

శాంతి వాళ్ళది వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాటు. చుట్టూ ఆస్పత్రులు, ఆస్పత్రుల చుట్టూ మనవాళ్ళు. అయినా వీధి వీధంతా పరీక్ష రాస్తున్నట్టు నిశ్శబ్దం. గుమ్మం ముందు కూర్చునేవాళ్ళు లేరు, నీ కూర ఏంటని అడిగేవాళ్ళు లేరు. కరివేపాకు నాలుగు రెబ్బలు డాలరున్నర. మా ఇంటి వెనక చెట్టును తలుచుకుంటే నేనెంత జమీందారునో అప్పుడు తెలిసింది.

అల్లుడు డేవిడ్ ఒక బ్యాంకులో కంప్యూటరు పని. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు అది ఏ ఏడో తెలియక పిచ్చెక్కుతుందట. ఎక్కకుండా మందు వేసేవాళ్ళలో మావాడొకడు. అంత తెలివైన యంత్రానికి ఏడు మారిందని చెప్పడానికి అంతమంది కావాలా? మా గోడ మీద క్యాలెండరు మార్చడానికి ఒక మేకు చాలు.

పిల్లాడు బంగారంలా ఉన్నాడు. తాత ముక్కే.

"రాయన్ అని పిలుస్తున్నామమ్మా" అంది శాంతి.

"మీ నాన్న పేరు?"

"అమ్మా, మొదలుపెట్టకు. ఇది మన ఊరు కాదు, ఆ పేరు ఇక్కడ అందరికీ తెలుసు. స్కూల్లో ఏడిపిస్తారు వాణ్ణి."

"మీ నాన్నను ఎవరు ఏడిపించారే?"

"నన్ను ఏడిపించారు. 'నీరో కూతురొచ్చింది, పాకలు జాగ్రత్త' అని హాస్టలంతా అనేవాళ్ళు. నువ్వు పలకవు కాబట్టి నీకు తెలీదు. ప్రతి కాగితం మీదా తండ్రి పేరు రాసింది నేను."

పిల్లాడి గుడ్డలు ఉతుకుదామని లేచాను. అక్కడ దానికీ మిషనే ఉంది.

పార్కులో కుక్క

సాయంత్రాలు పిల్లాణ్ణి బండిలో పడుకోబెట్టి దగ్గర్లో పార్కుకు తీసుకెళ్ళేదాన్ని. డిసెంబరులో చెమటలు కారుతుంటే, కొట్ల అద్దాల మీద మాత్రం దూదితో మంచు అంటించి పెట్టారు. ఒకరోజు బెంచీ మీద కూర్చుని ఉండగా చెట్ల అవతలి నుంచి ఆడగొంతు ఒకటి వినిపించింది.

"నీరో! నీరో! కమ్ హియర్!"

పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఎవరు గట్టిగా పిలిచినా నాకొకటే అలవాటు. కొంగు నెత్తిమీదకు లాక్కుని లేచి నిలబడతాను. నిలబడ్డాను. నల్లటి కుక్క ఒకటి పరుగెత్తుకొచ్చి నా కుచ్చిళ్ళు వాసన చూసింది. దాని వెనకే ఒక ముసలి దొరసాని రొప్పుతూ వచ్చి సారీ సారీ అంది.

నేను పేరు చెప్పలేను. వచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు. కుక్కను వేలితో చూపించి, "మై హస్బెండ్" అన్నాను.

ఆవిడ కుక్కను చూసింది. నన్ను చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

పాల డబ్బా తీసుకుని శాంతి వచ్చి విడమరిచి చెబితే, ఆవిడ గడ్డిలో కూలబడి నవ్వింది. పేరు బెట్టీ. రాజుగారిలా కూర్చుని తింటుంది కాబట్టి కుక్కకు ఆ పేరు పెట్టిందట. ఆవిడా నాలాగే మొగుడు పోయినదే. కానీ ఎర్రగా పెదాలకు రంగు, పువ్వుల గౌను, సొంతంగా నడిపే కారు. మా ఊళ్ళో అయితే ఆ రంగు గురించి ఏడాది మాట్లాడుకునేవాళ్ళు. పైగా ప్రతి మాటకూ మొగుడి పేరే. కెన్‌కు ఈ పార్కు ఇష్టం, కెన్ టీలో పాలు పోసుకోడు, కెన్ ఉంటే ఇలా అనేవాడు. మనిషి పోయినా పేరు మాత్రం ఆవిడ నోట్లో రోజూ తిరుగుతోంది. మా దగ్గర మనిషి ఉన్నన్నాళ్ళూ పేరును పెట్టెలో పెట్టాం, పోయాక పెట్టెకు తాళం వేశాం.

ఆ రాత్రి పిల్లాడికి ఆ పేరు పెట్టించకుండా విమానం ఎక్కనని తీర్మానించుకున్నాను. పెట్టకపోతే ఇక ఆ పేరుతో పిలిస్తే పలికేది ఆ కుక్క ఒక్కటే.

ప్రార్థన కూటం

మన క్రైస్తవులు పది పన్నెండు కుటుంబాలు కలిసి వంతులవారీగా ఇళ్ళలో కూడేవాళ్ళు. వాక్యం చెప్పేది సామ్యూల్ అని, అందరికీ అంకుల్. ఇంజినీరు ఉద్యోగం, ప్రవక్త వేషం. ఆయన చెప్పేదల్లా లోకాంతం. జనవరి ఒకటో తారీకున కంప్యూటర్లు పడుకుంటాయి, దీపాలు ఆరిపోతాయి, ఆ చీకట్లో బైబిలు చివరనున్న ప్రకటన గ్రంథంలోని మృగం లేచి నుదుటి మీద ముద్ర వేస్తుంది. అందుకని బియ్యం, నీళ్ళు, కొవ్వొత్తులు దాచుకోవాలి. లోకమే పోయాక ఆ బియ్యం ఎవరు వండుతారో ఆయన చెప్పలేదు.

మా ఇంటి వంతు వచ్చిన రోజు మృగం సంఖ్య మీద ప్రసంగం. "ఆ మృగం మొదటి రూపం ఎవరు? నీరో! వాడి పేరుకు హెబ్రీ అక్షరాల్లో లెక్క కట్టండి, సరిగ్గా ఆరు వందల అరవై ఆరు!" అన్నాడు. నేను కొంగు నెత్తిమీదకు లాక్కున్నాను.

తర్వాత టీలు తాగుతూ, "బాబు బాప్తిస్మం ఎప్పుడమ్మా? పేరేం అనుకున్నారు?" అని అడిగాడు.

"రాయన్" అంది శాంతి.

"తాత పేరు" అన్నాను నేను.

"శ్రేష్ఠం! తాతగారి పేరేంటి?"

నేను పైకప్పు చూశాను. శాంతి గ్యాసు పొయ్యి చూసింది. డేవిడ్ మాత్రం, పాపం, అబద్ధం రాని మనిషి, చాలా మెల్లగా, "నీరో" అన్నాడు.

గారెల పళ్ళెం మీదకు వెళ్ళిన చేతులు వెళ్ళినట్టే ఆగాయి.

"అమ్మగారూ, అపొస్తలుల్ని చంపినవాడి పేరా!"

"మా ఆయన దోమను కూడా సరిగ్గా చంపలేకపోయేవాడు బాబూ. టీ చల్లారుతోంది, తాగండి."

"ఇది నవ్వులాట కాదు. మృగం పేరు పెట్టుకుని మందిరంలోకి వస్తారా?"

"అదే పేరుతో గంట కొడితేనే మా ఊరు మందిరానికి వచ్చింది."

అందరూ వెళ్ళాక శాంతి ఏడ్చింది. డేవిడ్ కంప్యూటరులో బైబిలంతా ఉన్న సీడీ పళ్ళెం పెట్టి ఆ పేరు వెతికాడు. ఎంత వెతికినా దొరకలేదు.

"విచిత్రమే అత్తయ్యా. పౌలు కైసరు దగ్గరే న్యాయం చెప్పుకుంటానంటాడు చూడండి, ఆ కైసరు, అంటే చక్రవర్తి, ఈయనే. కానీ పేరు ఎక్కడా రాయలేదు. అంతా కైసరు, కైసరు అనే."

నాకు నవ్వొచ్చింది. పౌలంతటివాడు కూడా నాలాగే ఆ పేరు పలకలేదన్నమాట. నేను 'వారు', 'ఆయన' అన్నట్టు ఆయన 'కైసరు' అని సరిపెట్టుకున్నాడు.

లోకాంతం మర్నాడు

జనవరి ఒకటిన తెల్లారింది. అనుమానంగా ఉండి కొళాయి తిప్పాను, నీళ్ళు వచ్చాయి. దీపం వెలిగింది. గుడ్డల మిషను తిరిగింది. డేవిడ్ కళ్ళు ఎర్రగా చేసుకుని ఆఫీసు నుంచి వచ్చాడు.

"ఏం జరిగింది బాబూ?"

"ఏమీ జరగలేదత్తయ్యా!" అన్నాడు, ఏనుగును గెలిచినట్టు. ఏమీ జరగకుండా చూసినందుకు వాళ్ళ పెద్దాయన ఒక్కొక్కరికి ఒక చొక్కా ఇచ్చాడట. నా జీవితంలోనూ ఏమీ జరగకుండా ఎన్ని ఏళ్ళు చూశాను! నాకెవరిచ్చారు చొక్కా?

సామ్యూల్ అంకుల్ ఫోను చేసి, లెక్కలో చిన్న తేడా ఉంది, క్యాలెండర్లు వేరు కదా అన్నాడు. శాంతి ఫోను పెట్టేసి, "ఇప్పుడు ఆ బియ్యం బస్తాలన్నీ ఏం చేస్తాడో" అంది. తర్వాత నా వైపు చూడకుండానే, "మన పాస్టరు గారిని అడుగుదాం. ఆయన సరేనంటే చూద్దాం" అంది.

పాస్టరు గారు

ఆయన తెల్లాయన, పొడుగ్గా, పిల్లనగ్రోవిలా ఉంటాడు. ఇంటికి వచ్చి నా అల్లం గారె తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. భక్తి అనుకున్నాను, కారం. డేవిడ్ నా మాట ఆయనకూ, ఆయన మాట నాకూ చెప్పాడు.

ఆయన దాచకుండా చెప్పాడు. నీరో మంచివాడేమీ కాదు, మనవాళ్ళను చాలా బాధపెట్టాడు. అయితే పౌలు ఖైదులో ఉండి ఒక సంఘానికి రాస్తూ, కైసరు ఇంట్లో ఉన్న విశ్వాసులు మీకు వందనాలు చెబుతున్నారని రాశాడట. ఆ కైసరు ఈయనేనని చాలామంది నమ్ముతారట.

"అంటే ఆయన ఇంట్లోనూ మనవాళ్ళున్నారా?" అన్నాను.

"ఉన్నారు. వంటవాళ్ళో, పనివాళ్ళో, ఎవరో. పేర్లు తెలియవు."

"ఒక పేరు నేను చెబుతా రాసుకోమనండి, నాదే" అన్నాను. డేవిడ్ అది చెప్పాడు. పాస్టరు గారు కళ్ళు తుడుచుకుని, శాంతి వైపు తిరిగి మెల్లగా ఏదో అన్నాడు. అది నవ్వేసింది. నాకు తర్వాత చెప్పింది.

"నీరోకు బాప్తిస్మం ఇచ్చే భాగ్యం పేతురుకూ దొరకలేదు, పౌలుకూ దొరకలేదు. నాకు దొరుకుతుంటే వద్దంటానా?"

రాయన్ నీరో అని ఒప్పందం కుదిరింది. ముందు వాళ్ళది, వెనక మాది. మా ఊరి పద్ధతిలో పిల్లాణ్ణి ఎత్తుకుని పేరు చెప్పేది పెద్దదిక్కు, అంటే నేనే, అని కూడా పట్టుబట్టి సాధించాను. గెలిచిన మత్తులో నేను ఏం అడిగానో నాకే తెలియలేదు.

స్కోఫీల్డ్స్

మందిరం స్కోఫీల్డ్స్ వైపు, చెక్కతో కట్టిన చిన్నది. చుట్టూ గడ్డి, గుర్రాలు. మమ్మల్ని బెట్టీ తన కారులో తీసుకొచ్చింది. కుక్కను బయట వేపలాంటి చెట్టుకు కట్టింది. సామ్యూల్ అంకుల్ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నీళ్ళ పళ్ళెం దగ్గర పాస్టరు గారు పిల్లాడి పేరు అడిగాడు.

నేను నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది.

"రాయన్..." అన్నాను. అంతే. పెళ్ళినాటి నుంచి మూసిన తలుపు, తోసినా తెరుచుకోలేదు. పిల్లాడు నా మొహం చూస్తున్నాడు. పాస్టరు గారు మళ్ళీ అడిగాడు.

"చెప్పమ్మా" అని గిల్లింది శాంతి.

"నేనెట్టా చెబుతానే! నువ్వు చెప్పు."

"నువ్వేగా చెబుతానన్నావు!"

ముందు వరసలోంచి సామ్యూల్ అంకుల్ అందరికీ వినబడేలా, "చూశారా! దేవుడే నోరు మూశాడు!" అన్నాడు.

మందిరం గుసగుసలాడింది. పాస్టరు గారు ఇక రాయన్‌తోనే కానిద్దామా అన్నట్టు డేవిడ్ వైపు చూశాడు. సముద్రాలు దాటి వచ్చి, గడప దగ్గర కాలు జారిన మనిషిని అయిపోయాను. పిల్లాణ్ణి గుండెలకు అదుముకుని అలాగే నిలబడ్డాను.

శాంతి గిర్రున వెనక్కి తిరిగింది.

"దేవుడు కాదంకుల్, అలవాటు! మా అమ్మ పలకదు. అది మా నాన్న పేరు. నేను చెబుతా." మళ్ళీ పాస్టరు గారి వైపు తిరిగి, పైకప్పు అదిరేటట్టు అరిచింది. "రాయన్ నీరో!"

హాస్టల్లో ఆ పేరుకు సిగ్గుపడ్డ పిల్ల!

బయట చెట్టు దగ్గర నుంచి కుక్క భౌభౌమని పలికింది. ముందు బెట్టీ నవ్వింది, తర్వాత పాస్టరు గారు, తర్వాత మందిరమంతా. సామ్యూల్ అంకుల్ మీసం కూడా కాస్త కదిలింది. నీళ్ళు పడగానే పిల్లాడు కేరుమన్నాడు. మా ఆయన పేరుకు పలికేవాళ్ళు ఆ క్షణం నుంచి ఇద్దరయ్యారు.

తిరిగొచ్చాక

ఊళ్ళో అందరూ ఒకటే అడిగారు, కంగారూను చూశావా అని. చూశాను. దానికి సంచి ఉంది, అందులో ఎండు రొయ్యలు ఉంటే దాన్నీ ఆపుతారు.

ఆ పేరు కోసం అంత దూరం పోయానా, ఇప్పుడు సొంత మనవణ్ణి నేను పేరు పెట్టి పిలవలేను. వాళ్ళు ఇంట్లో రాయన్ అంటారు. నాకు అది నోట పట్టదు. ఫోనులో వాడి ఊపిరి వినపడగానే, తాతను ఎలా పిలిచానో అలాగే, "ఏమయ్యా" అంటాను. మొన్న, "ఏమయ్యా, గంజి తాగావా?" అన్నాను.

"తాగాడమ్మా" అంది శాంతి. "గిన్నె ఖాళీ చేశాడు."

చాలు కరుణా, ఇక రాయకు. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. ఇస్త్రీ ఎక్కడ మాడిందో చూద్దాం. ఆ పేరు వచ్చినచోట మాత్రం మింగెయ్యకుండా గట్టిగా చదువు. నేను కొంగు కప్పుకుని కూర్చుంటాను.